ఆగినదనుకొన్న చక్రము

మా పాఠశాల వార్షిక సంచికకు ఏదేని యొక వ్యాసము వ్రాయుడని సంపాదకవర్గమువారు కోరినప్పుడెల్ల, తీరిక లేదను నెపముతో మేము తప్పించుకొనుచు వచ్చితిమి. ఈ యేడు మాత్రము అట్లు తప్పించుకొనుటకు మనసొప్పలేదు. కారణమేమనగా, గత సంవత్సరము మా పాఠశాల విడిచి ఇంటర్మీడియట్ తరగతిలో చేరిన విద్యార్థి యొకడు దసరా సెలవులలో మా యింటికి వచ్చి, భౌతికశాస్త్ర పుస్తకమును మా ముందర తెరచి, "సార్, ఈ భ్రమణ గమనం పాఠం మొత్తం కంఠతా వచ్చింది. సూత్రాలన్నీ రాస్త. గాని ఈ జడత్వ భ్రామకం అంటే ఏందో మాత్రం సమజైత లేదు" అనెను.

వానికి మేము చెప్పిన సమాధానమునే ఇచ్చట వ్రాయుచున్నాము. అందులో కొంత శాస్త్రము కలదు. కొంత మా యింటి కథయు కలదు. రెంటిని వేరుచేయుట మావలన కాలేదు గాన, చదువరులు క్షమింతురుగాక.

మన బాన్సువాడ ప్రాంతమున తిరుగు వస్తువులకు కొదువ లేదు. మంజీర నదిపై అచ్చంపేట యొద్ద 1923లో ఆరంభింపబడి 1931లో పూర్తియైన నిజాంసాగరము, నవాబు అలీ నవాజ్ జంగు అను ఇంజనీరు పర్యవేక్షణమున కట్టబడినది. ఆ నీరు కాలువల వెంట వచ్చినది మొదలు ఈ నేల వరిపొలములతో నిండినది. వడ్లు పండిన చోట వడ్లు దంచు గిర్నీలు పుట్టుట సహజము. మా చిన్ననాట ఇంటింట తిరగలియు, వాడవాడ బండిచక్రమును, ఊరి చివర కుమ్మరి సారెయు, బజారున గిర్నియు తిరుగుచుండెడివి. ఇన్ని చక్రముల నడుమ పెరిగియు, తిరుగుట యన నేమో మేమెన్నడును ఆలోచింపలేదు.

మాకు తొలిపాఠము చెప్పినది కుమ్మరి తాత. ఆయన సారె కఱ్ఱ ఆకులు గల పెద్ద చక్రము. దాని అంచునకు మాత్రము మట్టిని దట్టముగా మెత్తి ఆరబెట్టిరి. ఆయన అంచు దగ్గఱ నున్న గుంటలో కఱ్ఱ నుంచి నాలుగైదు మార్లు బలముగా త్రిప్పి, కఱ్ఱను పక్కన బెట్టి, రెండు చేతులతో మట్టిముద్దను పట్టుకొనెడివాడు. ఎవ్వరును త్రిప్పకయే చక్రము తిరుగుచుండెడిది. ఆ వ్యవధిలో కుండ మెడ లేచెడిది. ఒకనాడు మేము కఱ్ఱ తీసికొని ఇరుసు చెంతనే ఆకుల నడుమ దూర్చి త్రిప్ప యత్నించితిమి. చక్రము కదలనైన కదలలేదు. తాత నవ్వి, "బిడ్డా, నడుమ నూకితే ఏనుగుకైనా తిరగదు. అంచున నూకు" అనెను. అంచునకు మట్టి ఏల మెత్తితివని మేమడుగగా, "బరువు అంచుకుంటేనే నా చేతులకు టైము దొరుకుతది" అనెను.

ఈ రెండు మాటలలోనే భ్రమణ గమనమునకు పునాది యున్నది. సరళరేఖలో పోవు వస్తువును కదల్చుటకు బలము చాలును. తిరుగు వస్తువును కదల్చుటకు బలమొక్కటి చాలదు; ఆ బలము ఇరుసునకు ఎంత దూరమున పనిచేయుచున్నదను సంగతి కూడ లెక్కకు వచ్చును. బలమును దూరముచే గుణించిన వచ్చునది బలభ్రామకము. తలుపును బందుల చెంత నెట్టి చూడుడు. పిదప కొన పట్టుకొని నెట్టి చూడుడు. మా మాట యథార్థమని మీకే తెలియును.

రెండవ మాట మరింత సూక్ష్మమైనది. ఒక కఱ్ఱకు రెండు రాళ్లు కట్టి, నడుమ పట్టుకొని అటునిటు త్రిప్పుడు. రాళ్లు చేతికి దగ్గఱగా నున్నయెడల సులువుగా తిరుగును. ఆ రాళ్లనే జరిపి కొనలకు కట్టి త్రిప్పుడు, చేయి నొచ్చును. రాళ్ల బరువు మారలేదు, కఱ్ఱ మారలేదు, దూరము మాత్రము మారినది. దూరము రెండింతలైన, రాళ్లు చూపు మొండితనము నాలుగింతలగును, మూడింతలైన, తొమ్మిదింతలగును. తిరుగుటకును, తిరుగుచున్నది ఆగుటకును ఒక వస్తువు చూపు ఈ మొండితనమునకే జడత్వ భ్రామకమని పేరు. ప్రతి కణముయొక్క ద్రవ్యరాశిని, అక్షమునుండి దానికి గల దూరముయొక్క వర్గముచే గుణించి, అన్నియు కూడిన వచ్చు మొత్తమే అది. 1765లో ఆయిలరు అను గణితవేత్త దృఢవస్తువుల చలనమును గూర్చి వ్రాసిన గ్రంథమున దీనిని వివరించెను. మన కుమ్మరి ఆ గ్రంథము చదివియుండలేదు. అయినను అంచునకు మట్టి మెత్తెను.

ఇక మా యింటి కథకు వత్తము. మా తండ్రిగారు ఒక గిర్నిలో డీజిలు ఇంజను నడుపువారు. ఆ గిర్ని పేరు ఇచ్చట అవసరము లేదు. ఇంజనునకు ఇరుప్రక్కల నిలువెత్తున రెండు ఇనుప ఫ్లైవీళ్లుండెడివి. మా కన్నులకు అవి నిలువెత్తుగా తోచెడివి గాని, నిజమునకు మా నడుమునకు మించి యుండవు. ప్రొద్దుట ఇంజను ఎక్కించుట మాకొక వేడుక. ఒక మీటను ఎత్తి కవాటమును తెరచియుంచి, మా తండ్రిగారు హ్యాండిలు పట్టి ఫ్లైవీలును త్రిప్పనారంభించెడివారు. మొదట మెల్లగా, పిదప వడిగా, చివరకు ఆయన దేహమంతయు చక్రముతోడ ఊగెడిది. తగిన వేగము రాగానే మీటను దించెడివారు. అంతట ఇంజను దడదడ మ్రోగుచు తనంతట తాను నడువసాగెడిది.

ఇందు ఫ్లైవీలు చేయు పని యేమి? ఇట్టి ఇంజనులో ఇరుసు రెండు చుట్లు తిరుగునప్పటికి ముషలకము నాలుగు పనులు చేయును: గాలిని పీల్చుట, దానిని నొక్కుట, నూనె మండగా త్రోయబడుట, పొగను వెడలగొట్టుట. ఈ నాల్గింటిలో బలమిచ్చునది ఒక్కటియే. తక్కిన మూడును బలమును తినునవే. ఆ యొక్క త్రోపులో వచ్చిన శక్తిని దాచిపెట్టి, తక్కిన మూడింటికి పంచియిచ్చు భాండారము ఫ్లైవీలు. అందుకే దాని బరువంతయు అంచున నుండును. కుమ్మరి సారె మట్టితో చేసిన పనినే ఇది ఇనుముతో చేయును.

1984 వేసవి. మేమప్పుడు ఏడవ తరగతి ముగించి సెలవులలో నుంటిమి. మధ్యాహ్నము తండ్రిగారికి సద్ది తీసికొనిపోవుట మా పని. ఆనాడు మేము పోవునప్పటికి గింజ ముగిసినది. ఆయన పట్టాను ఖాళీ పుల్లీ మీదికి తప్పించి, మీట నెత్తి, నూనె ఆపివేసిరి. చప్పుడు ఆగెను. ఉదయమునుండి చెవులు గింగురుమనిపించిన చప్పుడు ఆగుటతో, గిర్ని యంతయు నిద్రించినట్లు తోచెను. మా చేతిలోని గోలీ యొకటి జాఱి పట్టా క్రిందికి దొరలెను. మేము దానికై వంగితిమి. మా మెడచుట్టు ఎండకు కట్టుకొన్న తువ్వాల యుండెను.

చప్పుడు ఆగినది గాని చక్రము ఆగలేదు. తువ్వాల కొన పట్టాలో చిక్కెను. తరువాత జరిగినది మాకు క్రమముగా జ్ఞాపకము లేదు. మెడ బిగిసినది, తండ్రిగారి చేయి మా ముఖము ముందునుండి పోయినది, గుడ్డ చినిగిన చప్పుడైనది, మేము వెల్లకిల పడితిమి. లేచి చూచునప్పటికి ఆయన గోడకు చేరబడి, కుడిచేతిని ఎడమచేతితో గట్టిగా పట్టుకొని యుండిరి. పట్టాకును పుల్లీకిని నడుమ ఆయన రెండు వ్రేళ్లు నలిగిపోయినవి. నిజామాబాదు ఆసుపత్రిలో ఆ రెండింటిని తీసివేసిరి.

ఆ చేతితో ఆయన మరల హ్యాండిలు పట్టలేకపోయిరి. గిర్నిలోనే వడ్లు తూచు పనికి మారిరి, జీతము తగ్గినది. మమ్ము ఒక్కనాడును కోపించి యెరుగరు. అయినను అన్నము కలుపునప్పుడు ఆ చేతిని చూచి మేము తల వంచుకొనెడివారము. "గోలీ కోసం వంగకుంటే" అను మాట మా లోపల ఎన్ని యేండ్లు తిరిగినదో చెప్పజాలము. తండ్రిగారు మాత్రము, ఎవరైన నడిగినప్పుడు, "ఇంజన్ బందయింది గాని చక్రం ఇంకా జోరు మీదనే ఉండె" అని అంతటితో నిలిపెడివారు.

పిమ్మట మేము డిగ్రీలో భౌతికశాస్త్రము చదువునప్పుడు, భ్రమణ గతిజశక్తిని గూర్చిన అధ్యాయము వచ్చెను. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు గిర్నికి పోయి, టేపుతో ఆ చక్రమును కొలిచి, ఇంజను ఆపిన పిదప చక్రము ఎంతసేపు తిరుగునో గడియారము పెట్టి చూచితిమి. సుమారొక నిమిషము తిరిగినది. ఆ రాత్రి కందీలు ముందర కూర్చుండి లెక్క వేసితిమి. చదువరులకు సులభముగా నుండుటకై అంకెలను గుండుగా చేసి చెప్పెదము.

చక్రము బరువు 100 కిలోలనియు, ఆ బరువంతయు ఇరుసునకు 30 సెంటీమీటర్ల దూరమున అంచున నున్నదనియు అనుకొందము. దూరమును మీటర్లలో వ్రాసి వర్గము చేసిన 0.09, దానిని 100చే గుణించిన 9. ఇదియే జడత్వ భ్రామకము. చక్రము నిమిషమునకు 600 చుట్లు, అనగా సెకనుకు 10 చుట్లు తిరుగును. ఒక చుట్టు 6.28 రేడియన్లు గాన, కోణీయ వేగము సెకనుకు 62.8 రేడియన్లు. జడత్వ భ్రామకమును కోణీయ వేగముయొక్క వర్గముచే గుణించి సగము చేసిన, గతిజశక్తి సుమారు 17,700 జౌళ్లు. నూరు కిలోల వడ్లబస్తాను 18 మీటర్ల ఎత్తునకు, అనగా ఐదారు అంతస్తుల మేడ మీదికి, మోయుటకు కావలసిన శక్తి యిది. ఒక్క అంగుళమైన ముందునకు జరుగని ఆ చక్రముయొక్క అంచు, గంటకు 68 కిలోమీటర్ల వేగమున పరుగెత్తుచున్నది.

నూనె ఆపుటచే ఈ శక్తి మాయమగునా? కాదు. నూనె ఆపుట యనగా కొత్తగా ఇచ్చుట మానుట మాత్రమే. ఇచ్చినదంతయు చక్రమునందే యున్నది. దానిని హరింపగలది రాపిడి యొక్కటే. రాపిడి ఒకే తీరున నుండి చక్రము నిమిషములో ఆగుననుకొనిన, సగటున సెకనుకు 5 చుట్ల చొప్పున అది 300 చుట్లు తిరిగి గాని ఆగదు. చప్పుడు ఆగిన పిదప మున్నూరు చుట్లు! మేము ఏ గిర్ని ఆగినదని వంగితిమో, ఆ గిర్ని మున్నూరు చుట్లు తిరుగుటకు సిద్ధముగా నుండెను.

లెక్క ఇచ్చటితో ఆగియున్నచో, మేమీ వ్యాసము వ్రాయ నవసరము లేకుండెను. పట్టా తిరుగు పుల్లీ వ్యాసార్థము 20 సెంటీమీటర్లు. దాని చుట్టుకొలత సుమారు మీటరుంబావు. తువ్వాల చిక్కునప్పటికి వేగము సగమునకు తగ్గినదనుకొందము. అప్పుడు సెకనుకు 5 చుట్లు. పట్టా సెకనుకు ఆరు మీటర్లకు పైగా పోవుచుండును. మా తువ్వాల పొడవు మీటరున్నర. మెడచుట్టు తిరిగిన భాగమును విడిచి పొడవంతయు లెక్కించినను, పట్టా దానిని మ్రింగుటకు సెకనులో నాలుగవ వంతు చాలును. మనుష్యుడు ఒక వస్తువును కంటితో చూచి చేయి కదల్చుటకే దాదాపు సెకనులో ఐదవ వంతు పట్టును. ఇక చేయి మూరెడు దూరము పోవుటకు మరికొంత కాలము కావలెను.

ఈ అంకెలను రెండు మూడు మార్లు సరిచూచితిమి. తప్పు కనబడలేదు. తువ్వాల చిక్కుట చూచిన పిదప చేయి చాచినవాడు ఎంతటి చురుకైనవాడైనను మమ్ము కాపాడియుండలేడు. కనుక మా తండ్రిగారు తువ్వాల చిక్కుట చూచి చేయి చాచలేదు. మేము వంగుట చూచినప్పుడే చాచిరి. ఏమియు జరుగకమునుపే, జరుగబోవునది ఎరిగి, ఆ చేయి బయలుదేరినది. ఇరువదియేండ్లు ఆ చక్రమును త్రిప్పినవారు గాన, అది ఆగలేదని ఆయన చెవి నడుగలేదు.

ఆ రాత్రియే ఆయనను లేపి ఆ కాగితమును చూపితిమి. ఆయనకు లెక్కలు రావు. మేము చెప్పినదంతయు విని, కొంతసేపు ఊరకుండి, "నువ్వు తలుపులకెల్లి వస్తున్నప్పుడే తువ్వాల చూసిన, బిడ్డా. తీసి పక్కన పెట్టుమని అందామనుకున్న. నూనె బందు చేస్తూ మరిచిన" అనిరి. అన్ని యేండ్లు మా తప్పు అని మేమును, తన మరపు అని ఆయనయు, ఒకే యింట ఒకరికొకరు చెప్పుకొనక మోయుచుంటిమి. చక్రమునకు రాపిడి యుండును. మనసునకు మాట యుండవలెను. మాట లేనిచో అది ఎన్నటికిని ఆగదని ఆనాడు తెలిసికొంటిమి.

ఇంత కీడు చేసిన గుణమును దుర్గుణమనవచ్చునా? అట్లనరాదు. తిరుగునది తిరుగుచుండుటయే కుండకు మెడనిచ్చుచున్నది. ఆ గుణమే విద్యుత్తును నిలుపుచున్నది. మన దేశమున విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనములతో ప్రవహించును. సాయంకాలమున ఇండ్లయందు ఒక్కమారుగా దీపములు వెలిగినప్పుడు, ఆ యధిక భారమును మొట్టమొదట మోయునవి విద్యుత్కేంద్రములలో తిరుగుచున్న బరువైన చక్రములే. అవి రవంత నెమ్మదించి, తమలో దాచిన శక్తిని ఇచ్చును. అంతలో జలద్వారములును, ఆవిరి ద్వారములును తెరువబడును. మన నిజాంసాగరము నీటితో విద్యుత్తు పుట్టించు చక్రములకును ఇదియే ధర్మము. మనము నిలిచియున్న భూమియు ఒక చక్రమే. మన బాన్సువాడ ఉన్న అక్షాంశమున నేల గంటకు సుమారు 1,580 కిలోమీటర్ల వేగమున తూర్పునకు తిరుగుచున్నది. త్రిప్పువాడు కనబడడు, ఆపువాడును లేడు గాన, అది తిరుగుచున్నది.

ప్రియ విద్యార్థులారా, గిర్నీలు నేడు కరెంటుతో నడుచుచున్నవి. ఫ్లైవీళ్లు గల ఆ పాత ఇంజనులు అరుదైనవి. కాని మీ యిండ్లలో గడ్డి కోయు యంత్రములు కలవు, కళ్లములలో వడ్లు రాల్చు యంత్రములు కలవు, మోటారు సైకిళ్లు కలవు. స్విచ్చి ఆపగానే యంత్రము ఆగదు. చున్నీగాని, చీరకొంగుగాని, కండువాగాని వ్రేలాడుచుండగా తిరుగు వస్తువు చెంతకు పోవలదు. మోటారు సైకిలు వెనుక కూర్చుండునప్పుడు చున్నీని ముడివేసికొనుడు. పట్టా గల చోట జాలీ లేనియెడల, యజమానుని అడిగి పెట్టించుడు. మేము చెప్పిన గిర్నిలోను జాలీ పెట్టిరి. అది మా తండ్రిగారి వ్రేళ్లు పోయిన పిదప.

ప్రతి సంవత్సరమును మా తరగతిలో మేమొక చిన్న ప్రయోగము చేయుదుము. సైకిలును తలక్రిందుగా నిలిపి, ముందుచక్రమును చేతితో బలముగా త్రిప్పుదుము. పిల్లలనందఱిని అటువైపు తిరిగి నిలువుమని, చక్రము ఆగినదని తోచగానే చేయి యెత్తుమందుము. చక్రము చప్పుడు చేయదు. కొంతసేపటికి ఒక్కొక్క చేయి లేచును. అన్ని చేతులును లేచిన పిదప వారిని ఇటు తిరిగి చూడుమందుము. చక్రము ఇంకను తిరుగుచునే యుండును. పిల్లలు నవ్వుదురు. మేమును వారితో నవ్వి, అది పూర్తిగా ఆగువఱకు అందఱమును మౌనముగా చూతుము. పిదపనే నల్లబల్లపై పాఠము పేరు వ్రాయుదుము.

మా తండ్రిగారు ఇప్పుడు లేరు. దసరా సెలవులలో వచ్చిన ఆ విద్యార్థికి ఈ కథయంతయు చెప్పి, ఆనాడు లెక్క వేసిన కాగితమును చూపితిమి. అతడు దానిని చాలసేపు చూచి, "సార్, ఇందులో ఐ అంటే ఆ చక్రం మొండితనం గదా" అనెను. అవునంటిమి. "మరి దాన్ని గెలిచేదెట్ల?" అని యడిగెను. "ఓపిక పట్టి, అది ఆగువఱకు నిలిచియుండుటయే" అంటిమి. ఈ సంచిక చదువు మా విద్యార్థులందఱికిని మేము చెప్పదలచినదియు ఇంతే.